పెద్ద ప్లాన్ అవసరమా? పశ్చిమ ప్రకాశం ఇళ్లలో ఇంటర్నెట్ వేగం లెక్క

ఇంట్లో నెట్ నెమ్మదించినప్పుడల్లా పెద్ద ప్లాన్‌కు మారాలన్న ఆలోచన రావడం సహజమే. అయితే ప్లాన్ చాలకపోవడం నెట్ నెమ్మదించడానికి గల కారణాలలో ఒకటి మాత్రమే. తక్కిన కారణాలు వైఫై పెట్టె పెట్టిన చోటులోనో, వీధి స్తంభం మీది తీగలోనో, రాత్రివేళ ఆ తీగను పంచుకునే ఇళ్ల సంఖ్యలోనో, నెలాఖరుకు నిండుకున్న డేటా కోటాలోనో ఉంటాయి. వాటిని వెదకకుండా ప్లాన్ మార్చిన ఇంట్లో, నెలనెలా అదనంగా డబ్బు కట్టిన తరువాత కూడా వీడియో మధ్యలో ఆగి తిరుగుతూనే ఉంటుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వంటి వర్షాధారపు సీమలో, పంట చేతికి రాని ఏడాది వలసకు సిద్ధపడవలసిన కుటుంబాలున్న చోట, ఆ అదనపు మొత్తాన్ని చిన్నదిగా భావించడం తగదు.

ఈ ప్రాంతంతో సహా రాష్ట్రంలోని పల్లెలకు తీగ ద్వారా ఇంటర్నెట్‌ను చవకగా చేర్చాలన్న పెద్ద ప్రయత్నం ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ పథకంలో, నేల తవ్వి తీగ పూడ్చే ఖర్చును తప్పించడానికి కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్‌ను లాగి, ఇంటి దాకా చేర్చే పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు 149 రూపాయలకే ఇచ్చిన ఆనాటి మొదటి ప్లాన్‌లో వేగం 15 ఎంబీపీఎస్, డేటా 5 జీబీ. నిండు వేగంతో వాడితే ఆ 5 జీబీ ముప్పావుగంటలో అయిపోతుంది గనుక, ఆ ప్లాన్‌కు అసలు హద్దు వేగం కాదు, డేటా పరిమాణం. కోటా ఎంతో పెరిగిన నేటి ప్లాన్‌లలోనూ డేటాకు హద్దు పెట్టడం చాలావరకు కొనసాగుతూనే ఉంది. కోటా దాటిన తరువాత వేగాన్ని బాగా తగ్గించే పద్ధతిని ఎఫ్‌యూపీ అంటారు. నెల మొదట్లో చక్కగా నడిచిన నెట్ చివరి వారంలో నీరసించే ఇంట్లో అన్నిటికన్నా ముందు చూడవలసింది ఆపరేటర్ యాప్‌లో కనిపించే డేటా వాడకాన్నే.

వేగానికి కొలమానమైన ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు ప్రవహించగలవన్న లెక్క. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు అవుతుంది కాబట్టి, 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు దిగేది నాలుగు మెగాబైట్ల లోపే. ఈ తేడా తెలియక ఆపరేటర్ మోసం చేస్తున్నాడని అనుమానించే వారున్నారు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2004లో 256 కేబీపీఎస్ సరిపోగా, ఆ కనీస వేగాన్ని 2013లో 512 కేబీపీఎస్‌కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అది ప్రభుత్వ నిర్వచనం గీసిన కనిష్ఠ రేఖ మాత్రమే. ఇంటి అవసరాన్ని ఇంటి పనులను బట్టే లెక్కించాలి. ఫుల్ హెచ్‌డీ సినిమాకు 5, 4కే చిత్రానికి 15 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది. పలువురు పాల్గొనే వీడియో సమావేశానికి మూడు నాలుగు చాలు. హాలులో టీవీ, గదిలో హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే కొడుకు, మేడ మీద ఆన్‌లైన్ కోచింగ్ వింటున్న కూతురు, అందరి చేతుల్లో ఫోన్లు కలుపుకున్నా, ఒకే సమయంలో కావలసింది 20 ఎంబీపీఎస్‌కు అటూఇటూగా తేలుతుంది. 2019లో అమెరికాలో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక ప్రిన్‌స్టన్, షికాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి తన సిబ్బంది ఇళ్లలో జరిపిన పరిశీలనలో, 100 ఎంబీపీఎస్‌కు పైబడిన ప్లాన్‌లున్న ఇళ్లలో ఏడు వీడియోలు ఒకేసారి నడిచినా వాడకం సగటున 7 ఎంబీపీఎస్ దరిదాపుల్లోనే ఉన్నట్లు తేలింది.

వేగం పెరిగే కొద్దీ ప్రయోజనం ఎందుకు పెరగదన్న ప్రశ్నకు గూగుల్‌లో పనిచేసిన మైక్ బెల్షీ 2010లోనే ఒక సమాధానం చూపారు. ఐదారు ఎంబీపీఎస్ దాటిన తరువాత వేగం ఎంత పెంచినా వెబ్ పేజీ తెరుచుకునే సమయం పెద్దగా తగ్గదనీ, అడిగిన సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని తగ్గిస్తే మాత్రం తగ్గించినంత మేరా ఫలితం కనిపిస్తుందనీ ఆయన కొలతలు తెలిపాయి. లేటెన్సీ అనీ, వాడుకలో పింగ్ అనీ పిలిచే ఈ రాకపోకల సమయాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది గనుక మార్కాపురం నుంచి హైదరాబాదు దూరం దానికొక లెక్కలోది కాదు. ఆలస్యం పుట్టేది మధ్యలోని పెట్టెల వద్ద, అందులోనూ ఇంటి పెట్టె వద్ద. ఫోటోలు, వీడియోలు పైకి ఎక్కుతూ అప్‌లోడ్ దారిని నింపివేస్తే, వీడియో కాల్‌లో మాట తెగిపోవడం, బొమ్మ నిలిచిపోవడం మొదలవుతాయి. అప్పుడు ప్లాన్ మార్చడానికి ముందు చేయవలసిన పని, ఫోన్ల ఆటోమేటిక్ బ్యాకప్‌ను రాత్రి పడుకున్న తరువాతకు మార్చడం.

నిజానికి ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇంటి లోపలే ఉంది. ఆపరేటర్ మనుషులు ఫైబర్ వచ్చిన కిటికీ పక్కనే, చాలాసార్లు ముందుగదిలో టీవీ వెనుక, వైఫై పెట్టెను బిగించి వెళతారు. పని జరిగేది వెనుక గదిలో, చదువు సాగేది మిద్దె మీద. వైఫై సాధారణంగా రెండు తరంగాల మీద నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను కొంత మేలుగా దాటినా వేగం తక్కువ, పైగా ఇరుగుపొరుగు పెట్టెలన్నీ అదే దారిలో పోటీ పడతాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగవంతమైనదే గాని, మందపాటి గోడకో స్లాబుకో తగిలితే చిక్కిపోతుంది. రాతితో కట్టిన పాత ఇళ్లలోనూ, ఇనుప చువ్వలతో పోసిన స్లాబుల కింద కూడా 300 ఎంబీపీఎస్ ప్లాన్ వెనుక గదికి చేరేసరికి పది పదిహేను ఎంబీపీఎస్‌గా మిగలడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఫైబర్ తీగను కొంత పొడిగించి పెట్టెను ఇంటి నడుమ, తలకన్నా ఎత్తున అమర్చడం, మిద్దె మీదికి ఒక లాన్ తీగ లాగి రెండో పెట్టె పెట్టడం ఒక్కసారి పెట్టే ఖర్చు. పెద్ద ప్లాన్ ప్రతినెలా కట్టే ఖర్చు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశాన్ని వినియోగదారునికి ప్రకటనలు కల్పించవు.

ఇంటి బయట మరో కారణం ఉంది. జీపాన్ అనే పద్ధతిలో ఒకే ఫైబర్ మీద వచ్చే సుమారు 2,500 ఎంబీపీఎస్‌ను, కాంతిని చీల్చే స్ప్లిటర్ల ద్వారా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. సాధారణంగా ఇక్కడ ఇరుకు ఏర్పడదు. అయితే ఊరి ఆపరేటర్ పైనుంచి కొనుగోలు చేసే మొత్తం సామర్థ్యం తన చందాదారులకు చాలనప్పుడు, రాత్రి ఎనిమిదికి ప్రతి ఇంట్లో టీవీ, ఫోను మేల్కొనే వేళ, అందరి వాటా కుదించుకుపోతుంది. ఆ స్థితిలో ఒక ఇల్లు ప్లాన్ పెంచుకున్నా, ఇరుకు పై దారిలో ఉన్నంతవరకు ఫలితం అంతంతమాత్రమే.

కాబట్టి నిర్ణయానికి ముందు ఒక పరీక్ష తప్పనిసరి. ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా పెట్టెకు కలిపి, ఇతర పరికరాలన్నిటినీ ఆపి, ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి వేగం కొలవాలి. తరువాత వైఫై మీద గదిగదికీ తిరిగి కొలవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఫోనులో ఇందుకు పనికివస్తుంది. తీగ మీద ప్లాన్ వేగం వచ్చి గదిలో రాకపోతే లోపం వైఫైది. ఉదయం వచ్చి రాత్రి రాకపోతే ఆపరేటర్ దారిది. ఎప్పుడూ రాకపోతే ఫైబర్‌లో జాయింటు చెడిందేమో చూపించుకోవాలి. పెట్టెకు చేరే కాంతి బలాన్ని డీబీఎం లెక్కలో చూస్తారు, అది మైనస్ 27 ప్రాంతానికి దిగజారితే లైన్ బాగుచేయించుకోవలసిందే. స్తంభాల మీద ఎండకు ఎండి, గాలికి ఊగే తీగలున్న ఊళ్లలో ఇది అరుదైన సమస్య కాదు. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర దీపం మినుకుతుంటే కాంతి అసలే అందడం లేదని అర్థం. కరెంటు పోగానే నెట్ పోయే ఇంట్లో పెద్ద ప్లాన్‌కన్నా, వైఫై పెట్టెకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఎక్కువ మేలు చేస్తుంది.

ప్లాన్ నిజంగా చాలని ఇళ్లు కూడా ఉన్నాయి. తీగ మీద ప్లాన్ వేగం పూర్తిగా వస్తూ, అది కూడా ఇంటి వాడకంతో రోజూ నిండిపోతుంటే, ఇద్దరు ముగ్గురు ఒకేసారి 4కే చిత్రాలు చూస్తుంటే, పెళ్లి వీడియోలు కూర్చి పంపే పని ఇంటి నుంచే సాగుతుంటే, మార్కాపురంలో పలక రాయి సరుకు వీడియోలను దూరదేశపు కొనుగోలుదారులకు పంపవలసి ఉంటే, నాలుగైదు సీసీ కెమెరాల దృశ్యాలు రాత్రింబవళ్లు క్లౌడ్‌కు ఎక్కుతుంటే పెంచుకోవడం సబబే. అయితే అప్పుడు డౌన్‌లోడ్ అంకెతో పాటు అప్‌లోడ్ ఎంతో అడగాలి. పాత పెట్టెల లాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌ను దాటనివ్వవు గనుక, పెట్టె మార్చకుండా 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే తీగ మీద సగం వేగం అక్కడే ఆగిపోతుంది. ఫైబర్ చేరని నల్లమల అంచు పల్లెల్లో 5జీ టవర్ అందుబాటులో ఉంటే, 2023 నుంచి మన దేశంలో లభిస్తున్న ఎయిర్‌ఫైబర్ సేవలు ఒక దారి. అక్కడ టవర్ సంకేతం బలహీనంగా ఉంటే పెద్ద ప్లాన్ ఆ లోటును తీర్చదు.

ఆరు నెలలకో ఏడాదికో ముందే కడితే తగ్గింపు ఇస్తామని ఆపరేటర్లు చెప్పినా, కొత్త ప్లాన్‌ను మొదట ఒక్క నెలకే తీసుకుని, వెనుకటి పరీక్షను అదే తీగ మీద, అదే రాత్రి వేళ మళ్లీ చేసి, ముందు రాసిపెట్టుకున్న అంకెలతో పోల్చి చూసిన తరువాతే ఏడాది సొమ్ము కట్టాలి.