కంటికి గానరాని యెండ

శంషాబాదునందు 2008వ సంవత్సరమున తెఱవబడిన విమానాశ్రయమునకు, గడచిన పుష్యమాసమున ఒక మిత్రుని సాగనంప బోయితిని. లోపల నిలువెత్తు అద్దములగుండ ఎండ పడుచుండెను. తిరిగి వచ్చుచు, మధ్యాహ్నవేళ చేనిగట్టుపై కూర్చున్న యొక పెద్దను పలుకరించి, “అయ్యా, తలపై తువ్వాలైన లేదేమి?” అని యడిగితిని. “చలికాలపుటెండ హాయిగా నున్నది గదా నాయనా, ఇది యేమి చేయును?” అని వారనిరి. ఆ మాటయే నేటి నా ప్రసంగమునకు కారణము.

ఎండలోని వేడిమి వేఱు, చర్మమును చెఱచు కిరణములు వేఱు. 1801లో జర్మనీదేశమున రిట్టరను శాస్త్రజ్ఞుడు వెండి క్లోరైడు పూసిన కాగితమును ఇంద్రధనుస్సు రంగులయం దుంచి చూడగా, ఊదారంగున కావల, ఏ వెలుగును కనబడనిచోటనే, అది మిక్కిలి త్వరగా నల్లబడెను. అచ్చట పడినవే అతినీలలోహిత కిరణములు. అవి కంటికి గానరావు, ఒంటికి వెచ్చగా తోపవు.

వీనిలో మిక్కిలి తీక్ష్ణములైనవానిని ఆకాశమునందలి ఓజోనుపొర ఆపును. తక్కినవానిలో కొన్ని మన చర్మపు జీవకణములను చేరును. ప్రతికణమునకును తన పనులన్నియు వ్రాసియున్న డి.ఎన్.ఏ. అను సన్నని పోగు కలదు. కిరణము తాకినచోట ఆ వ్రాతలో ప్రక్కప్రక్కనున్న రెండక్షరములు, తడిసిన పుస్తకమున పుటలవలె, ఒకటి కొకటి యంటుకొనును. కణము ఆ తునకను కత్తిరించి సరిచేసికొనును. ఏండ్లతరబడి యిట్లు జరుగగా కొన్ని తప్పులు మిగిలిపోవును. చర్మపు క్యాన్సరు వానినుండియే పుట్టవచ్చును. చర్మము ముందుగా ముడుతలు పడుటకును, కంటి శుక్లములకును ఈ కిరణములు నొక కారణమే.

మన మేనినలుపు దోషము కాదు. మెలనిను అను ఆ రంగు కణకేంద్రముపై గొడుగువలె నిలుచును. బొల్లిమచ్చలపై ఆ గొడుగు లేదు గనుక వానిని కప్పుకొనవలెను.

అట్లని ఎండను విడువరాదు. ఎముకలకు వలయు డి విటమినును చర్మము ఈ కిరణములతోనే చేసికొనును. వానిలో ఆ పని చేయువానిని అద్దము ఆపును గావున, విమానాశ్రయపు లోపలి యెండ వెచ్చదనమే గాని యెముకకు బలము కాదు.

పూర్వము మనము అడుగులనీడతో ప్రొద్దు గొలిచెడివారము. నీడ మన యెత్తుకంటె పొట్టియైనవేళ ఈ కిరణములు తీవ్రములు. శంషాబాదున మే నెల 9వ తేది ప్రాంతమునను, ఆగస్టు మొదటివారమునను నడిమధ్యాహ్నపునీడ కాళ్లక్రిందనే పడును. చలికాలమున నేమో యని, ఆ పెద్దయు నేనును అచ్చటనే కొలిచితిమి. వారి యెత్తు వారి యడుగుతో ఆరున్నర, నీడ అయిదుంబావు. వారు మాటాడక తువ్వాలు తలకు జుట్టుకొనిరి.