నమ్ముటయే వ్రతమైన దూరవాణి

కార్యాలయపు బల్లపై నుండు ఇంటర్నెట్టు ఫోనును పూర్వపు టెలిఫోనునకు తమ్మునిగా చూచువారు తలంతురు. రూపమునందలి పోలిక అట్టి భ్రాంతిని కలిగించుచున్నను, లోపల నున్నది ప్రాసెసరు, మెమరీ, ఆపరేటింగ్ సిస్టము కలిగిన సంపూర్ణమైన కంప్యూటరు. 1995లో ఇజ్రాయెల్ దేశపు వోకల్‌టెక్ సంస్థ ఇంటర్నెట్టు మీదుగా సంభాషణ నడపు సాఫ్ట్‌వేరును విపణికి తెచ్చెను. ఈథర్‌నెట్ తీగకు నేరుగా తగిలించు ఫోనును నిర్మించిన డల్లాస్ నగరపు సెల్సియస్ సిస్టమ్స్‌ను 1998లో సిస్కో కొనివేసెను. అటుపిమ్మట ఇట్టి ఫోనుల వ్యాప్తికి అడ్డు లేకపోయెను.

ఈ యంత్రము యొక్క స్వభావమంతయు అది మేల్కొను కొద్ది క్షణములలోనే బయల్పడును. విద్యుత్తు అందినతోడనే తనకొక చిరునామా కావలెనని అది నెట్‌వర్కు నంతను ఉద్దేశించి కేకవేయును, బదులిచ్చిన డి.హెచ్‌.సి.పి. సర్వరు చిరునామాతోపాటు ఫైళ్లు దొరకు మరియొక సర్వరు జాడను తెలుపును. ఫోను అచ్చట తనకు ప్రత్యేకమైన మ్యాక్ సంఖ్య పేరిట నున్న ఫైలును అడిగి తెచ్చుకొని, అందు పేర్కొన్న, ఫోనును నడిపించు ప్రోగ్రామగు ఫర్మ్‌వేరు తనలోనిదానికి భిన్నమైనచో, క్రొత్తదానిని దింపుకొని, ఫ్లాష్ మెమరీలో వ్రాసికొని, మరల నిద్రలేచును. వేలకొలది ఫోనులను కూర్చున్నచోటనుండియే మార్చుటకు ఇది చక్కని యుపాయము. అయితే, ఆ కేకకు మొదట పలికినది నిజమైన సర్వరేయని ఫోనునకు చెప్పువారెవరు? అదే నెట్‌వర్కున జొరబడిన దుష్టుని కంప్యూటరు రవంత ముందుగా బదులిచ్చినచో, జాతరలో తప్పిన పసివాడు ముందు చేయి సాచినవాని వెంట నడచినట్లు, ఫోను వాని సర్వరునకే పోవును.

ఫైళ్లను మోయుటకు చిరకాలము వాడబడిన పద్ధతియు దీనికి తగినదే. టి.ఎఫ్‌.టి.పి. అను ఆ ప్రోటోకాలు ప్రమాణమును 1981లో ఎం.ఐ.టి.కి చెందిన కరెన్ సోలిన్స్ ప్రకటించిరి. 512 బైట్ల ముక్కను పంపుట, అందినదని కబురు వచ్చువరకు ఆగుట, మరల పంపుట, అంతియే. పాస్‌వర్డు లేదు, గూఢలేఖనము లేదు. అత్యల్పమైన మెమరీలో ఇముడవలెనన్న కోరికతో పుట్టిన ఆ సారళ్యమును నిందించుట నాకు న్యాయముగ తోచదు. దశాబ్దముల తరువాత గూడ, శత్రుసంకులమగు లోకమున, దానిని ఆలోచింపక వాడినవారిదే యపరాధము.

నిర్మాతలు పిమ్మట డిజిటల్ సంతకము నాశ్రయించిరి. నిర్మాత తన రహస్య కీతో ఫర్మ్‌వేరుపై సంతకము చేయగా, ఫోను తనలోని బహిరంగ కీతో దానిని పరీక్షించి, సరిపోయినపుడే స్వీకరించును. ఇందును ఒక సందు గలదు: లోపములు బయటపడిన పాత ఫర్మ్‌వేరు మీదను అదే సంతకముండును గనుక, వెనుకకు మరలుటను నిషేధింపని ఫోనును ఆ పాతదానికే దింపివేయవచ్చును.

2012లో కొలంబియా విశ్వవిద్యాలయపు ఆంగ్ క్వి, సాల్వటోర్ స్టోల్ఫోలు సిస్కో 7900 శ్రేణి ఫోనులలో, సామాన్య ప్రోగ్రాములు పంపు విలువలను ఆపరేటింగ్ సిస్టము గర్భమగు కెర్నెలు సరిగా పరీక్షింపకుండుటను కనుగొనిరి. ప్రక్కనున్న రంధ్రమున చిన్న పరికరమును తగిలించినంతనే, రిసీవరు పెట్టియున్నను, గదిలోని మాటలన్నియు బయటికి పోవుచుండెను. ఇట్టి రోగమునకు మందు క్రొత్త ఫర్మ్‌వేరే. అది రావలసినదియు సర్వరునుండి దింపుకొను ఆ పాత బాటనే!

2019లో భద్రతా సంస్థయగు మెకాఫీ పరిశోధకులు అవాయా 9600 శ్రేణి ఫోనును శోధింపగా, చిరునామాకై కేకవేయు ఆ డి.హెచ్‌.సి.పి. ప్రోగ్రామునందే లోపము కనబడెను. అది 2009లోనే లోకమునకు తెలిసి, మూల ప్రోగ్రామున సరిదిద్దబడినది. అవాయా అంతకుముందే నకలు తీసి మలచుకొన్న ప్రతిలో మాత్రము పదేండ్లు అట్లే నిలిచెను. ఎరువు తెచ్చుకొన్న ప్రోగ్రామునకు మరమ్మతును గూడ తెచ్చుకొనవలెనన్న స్పృహ ఎవరికిని కలుగకుండుట విస్మయకరము.

సంతకమునకే విలువ పోయిన ఉదంతము 2023 మార్చిలో జరిగెను. కంప్యూటరులో నడచు 3సిఎక్స్ సంస్థ ఫోను ప్రోగ్రామునకు వచ్చిన నవీకరణము, ఆ సంస్థ సంతకముతో, ఆ సంస్థ సర్వరునుండియే, విషపూరితమై వినియోగదారులను చేరెను. సంతకము పంపినవారెవరో చెప్పునే గాని, పంపినదానిలో నేమున్నదో చెప్పదు గదా! ఆ విషము సంస్థలోనికి ప్రవేశించిన దారిని భద్రతా సంస్థయగు మాండియంట్ పరిశోధకులు వెదకిరి. ఉద్యోగి యొకరు తమ సొంత కంప్యూటరులో ఎక్స్‌_ట్రేడర్ అను వ్యాపార ప్రోగ్రామును స్థాపించుకొనియుండిరి, ముందే కలుషితమైయున్న ఆ ప్రోగ్రాము మీదను దాని నిర్మాత సంతకము నిక్షేపముగ నుండెను.