పాత రిపోర్టులు పారవేయకండి

షాబాన్ నెల ప్రవేశించగానే మన ఇళ్ళలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. షుగరు, బీపీ ఉన్న పెద్దలు ఈ ఏడు రోజా పాటించవచ్చునా? పల్నాడులో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. రాష్ట్రంలో ఎండలు మండే ఊళ్ళ పేరెత్తితే ముందుగా వినిపించేది రెంటచింతల. గురజాల, మాచర్ల ప్రాంతాల్లో గత కొన్నేళ్ళుగా రమజాన్ మిరపకోతల రోజుల్లోనే వస్తోంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల వేడికి కాలంతో నిమిత్తం లేదు. చెమటగా పోయిన నీరు ఇఫ్తార్ వేళ వరకు తిరిగి ఒంటికి చేరదు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు దీనిని తట్టుకుంటాయి, దెబ్బతిన్నవి తట్టుకోలేవు. చిక్కేమిటంటే అవి దెబ్బతిన్న సంగతి మనిషికి తెలియదు. కాళ్ళవాపు, ఆయాసం, వాంతులు కనబడేనాటికి వాటి పనితనంలో అధికభాగం పోయి ఉంటుంది.

కనుక రక్తాన్నే అడగాలి. కండరాల నిత్య వ్యాపారంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పుడుతుంది. మూత్రపిండాలు దానిని వడగట్టి బయటకు పంపుతాయి. వడపోత మందగిస్తే అది రక్తంలో నిలిచిపోతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఒకే అంకె అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. ఇరవై ఐదేళ్ళ యువకునికి క్రియాటినిన్ 1.1 ఉంటే అతని వడపోత సామర్థ్యం సుమారు 95. అదే 1.1 అరవై ఏళ్ళ స్త్రీకి వస్తే ఆమె సామర్థ్యం 58 మాత్రమే. వయసును, లింగాన్ని కలిపి కట్టే ఈ లెక్కనే ఈజీఎఫ్ఆర్ అంటారు. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా పరిగణిస్తారు. రిపోర్టులో గీత కింద ఎర్ర అక్షరం లేదు గనుక దాదీమాకు అంతా బాగుందని సంతోషించే ఇళ్ళు ఎన్నో.

అయితే ఈజీఎఫ్ఆర్ అంకె కూడా ఒక్కరోజు ఛాయాచిత్రమే. ఒకరికి నాలుగేళ్ళుగా 42 దగ్గర నిలకడగా ఉందనుకోండి. మరొకరికి మూడేళ్ళలో 70 నుంచి 48కి పడిపోయిందనుకోండి. చిన్న అంకె మొదటివారిదే అయినా, ముందుగా ఆందోళన చెందవలసింది రెండోవారి గురించి. ఏడాదికి 5కు మించి తగ్గుతూ పోతే వ్యాధి వేగంగా ముదురుతున్నట్లు వైద్యులు భావిస్తారు. ఈ వేగం తెలియాలంటే పాత కాగితాలు ఉండాలి. నరసరావుపేటలో ఒకసారి, గుంటూరులో ఒకసారి చేయించిన పరీక్షల కాగితాలు మందుల కవరుతోపాటు చెత్తలోకి పోతే, కొత్త డాక్టరు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టడం ఇంటి పిల్లలు చేయగల పని.

రక్తంతోపాటు మూత్రంలో అల్బుమిన్‌ను కూడా చూడాలి. అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటితే హెచ్చరిక, 300 దాటితే ప్రమాదం. షుగరు రోగులలో క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ళ ముందే ఇది బయటపడుతుంది. కాని మూత్రపరీక్ష ఒక్కటే చాలదని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనకు చూపింది. కొబ్బరి, జీడి, పనస తోటలకు పేరొందిన కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో షుగరు గాని, బీపీ గాని లేని రైతులు, కూలీలు దశాబ్దాలుగా ఈ వ్యాధికి బలి అవుతున్నారు. వారిలో చాలామందికి మూత్రంలో అల్బుమిన్ అంతగా పోదు. క్రియాటినిన్ చూస్తేనే వ్యాధి దొరుకుతుంది. కారణం నేటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పల్నాడు మరో ఉద్దానమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవారు షుగరు లేదన్న ధీమాతో రక్తపరీక్ష మానరాదని మాత్రమే చెబుతున్నాము.

పరీక్షకు వెళ్ళే ముందు రాత్రి దావత్‌లో మాంసం తింటే క్రియాటినిన్ కొంత పెరిగి కనబడుతుంది. బక్రీద్ మరునాడు పరీక్ష పెట్టుకోకపోవడమే మేలు. బాగా చిక్కిపోయిన వృద్ధులలో కండ తక్కువ గనుక అది తక్కువగా కనబడి మోసగిస్తుంది. అటువంటి వారికి సిస్టాటిన్-సి అనే మరో పరీక్ష ఉపకరిస్తుంది. కాస్త ఖరీదైనది, అందరికీ అక్కరలేదు. బీపీకి వాడే టెల్మిసార్టాన్ వంటి మందులు మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ 30 శాతం వరకు పెరగవచ్చు. అది చూసి భయపడి, మూత్రపిండాలను కాపాడే మందునే మానేసేవారున్నారు. డాక్టరును అడగకుండా మానకూడదు. మానవలసినవి ఒళ్ళునొప్పులకు రోజూ మింగే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బిళ్ళలు. లోహభస్మాలు కలిసిన కుష్తాల విషయంలోనూ జాగ్రత్త అవసరం.

ఇక రోజా విషయం. వ్యాధిగ్రస్తులకు, ప్రయాణికులకు వేరే దినాలలో ఉపవాసాలు పూర్తిచేసుకొనే వెసులుబాటును అల్ బఖరా సూరా 184, 185 ఆయతులలో అల్లాహ్ ప్రసాదించాడు. కోలుకునే ఆశ లేనివారు ఫిద్యాగా నిరుపేదకు అన్నం పెట్టాలని ఉలమాలు వివరించారు. ఈ వెసులుబాటును వాడుకోవడం ఈమాన్ లోపమని ఇరుగుపొరుగు అనుకుంటారేమోనన్న బిడియంతో ఎందరో పెద్దలు మందులు దాచి రోజా ఉంటారు. ఇది మాకు బాధ కలిగిస్తుంది. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గినవారిని, డయాలిసిస్‌లో ఉన్నవారిని, అంకె వేగంగా పడిపోతున్నవారిని ఉపవాసం ఉండవద్దనే వైద్యులు సాధారణంగా చెబుతారు. 30కి, 60కి మధ్య నిలకడగా ఉన్నవారి సంగతి వేరు. వారు షాబాన్‌లోనే పరీక్ష చేయించుకుని, మందుల వేళలను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దించుకోవాలి. డాక్టరు అనుమతితో రోజా మొదలుపెట్టినా, మొదటి వారం గడిచాక మరొకసారి రక్తం చూపించుకోవాలి. క్రియాటినిన్ పెరిగితే అక్కడితో ఆపి, శీతకాలపు చిన్న పగళ్ళలో ఖజా చేసుకోవచ్చునేమో డాక్టరును అడగాలి.

ఆ పరీక్షలోనే పొటాషియం కూడా చూడమనండి. వ్యాధి ముదిరినవారిలో అది 5.5 దాటితే గుండె లయ తప్పే ప్రమాదముంది. ఖర్జూరంలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. ఇఫ్తార్ పళ్ళెంలో వారికి ఒక్క ఖర్జూరమే పెట్టాలా, అదీ వద్దా అన్నది ఆ అంకెను బట్టి డాక్టరు చెబుతారు. సున్నతు మంచినీళ్ళతో విరమించినా నెరవేరుతుంది.