భిన్నముల లెక్కయందలి కీలకము

అంతవరకు ఉత్సాహముతో అంకగణితము నేర్చిన విద్యార్థి భిన్నములకడ తొట్రుపడుటకు కారణము సూత్రముల కాఠిన్యము గాక, హారలవముల పనులు వేఱను ఎఱుక కలుగకముందే వానిని వల్లెవేయించుటయే యని నా దృఢవిశ్వాసము. హారము భాగముయొక్క పరిమాణమును నిర్ణయించును. అట్టి భాగములు ఎన్నియో లవము తెలుపును. తక్కినదంతయు దీనినుండియే పుట్టును.

అర, పాతిక, వీసములతో పద్దులు వ్రాసిన మన పూర్వులకు ఈ సంగతి కరతలామలకము. వీసమనగా పదియాఱవ వంతు గనుక, అరకు ఎనిమిదియు పాతికకు నాలుగును చేర్చి, అర, పాతిక, వీసము కలిసి 13 వీసములని నోటితోనే చెప్పగలిగిరి.

హారములు ఇట్లు ఒకదానిలో నొకటి ఇమడనప్పుడే చిక్కు. 5/12, 7/18 అను వానిని కూడవలెననుకొందము. లవములను లవములతోను, హారములను హారములతోను కలిపినచో 12/30 వచ్చును. ఇది 5/12 కంటెనే తక్కువ! కలుపగా తగ్గిపోయిన ఫలము తప్పని వేఱుగ నిరూపింపనక్కఱలేదు. హారములను రెంటిని గుణించి 216 చేసి, 174/216 అని సాధించుట తప్పు కాదు గాని వృథాశ్రమ. 9వ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున ‘గణితసార సంగ్రహము’ రచించిన మహావీరాచార్యుడు ఇచ్చట ‘నిరుద్ధము’ను, అనగా మనము నేడు కనిష్ఠ సామాన్య గుణిజమనుదానిని, ఉపదేశించెను. 12, 18లకు సామాన్య భాజకము 6. దానిచే భాగింపగా మిగిలినవి 2, 3. ఈ మూటి లబ్ధము 36. అప్పుడు 15/36, 14/36 కలిసి 29/36 అగును. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించుటచే ఈ ఉపాయము పద్యరూపమున మన భాషలోనికి వచ్చినది. ఇది మనకు గర్వకారణము.

వ్యవకలనమునకును ఇదే మార్గము. గుణకారమున సమచ్ఛేదముతో, అనగా హారములను సమానము చేయుటతో, పనిలేదు. గుణింపకముందే కొట్టివేతలు చేయుట మేలు. 14/15ను 25/28చే గుణించునపుడు 14ను 28తోను, 25ను 15తోను సంక్షేపించినచో 1/2, 5/3 మిగిలి, 5/6 వెంటనే లభించును.

భాగహారమున భాజకమును తలక్రిందులు చేయవలెనని 628లో బ్రహ్మగుప్తుడు చెప్పియుండెను. ఏల? 2/3ను 4/5చే భాగింపవలసినపుడు రెంటిని సమచ్ఛేదము చేయుడు: 10/15, 12/15. భాగముల పరిమాణము ఒకటే యైనందున హారములతో పనితీఱినది. 10ని 12చే భాగించుటయే మిగిలినది. ఆ 10 రెండైదులు, ఆ 12 మూడు నాలుగులు. 2/3ను 5/4చే గుణించినను వచ్చునవి అవియే.