దౌత్యవేత్తల బడి, గూఢచారుల బడి - రెండింటికీ ఒకే గేటా?

కిందటి సంవత్సరం పాత విద్యార్థులం కొందరం ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చాం. స్టడీ అవర్ అయ్యాక ఇంటర్ చదివే తమ్ముడొకడు పేపర్ కటింగ్ పట్టుకొని మా దగ్గరికొచ్చాడు. "అన్నా, చైనాలో గూఢచారులను తయారుచేసే యూనివర్సిటీ ఉందంట, నిజమేనా? మా ఊరి అక్క ఒకామె చైనాలోనే ఎంబీబీఎస్ చదువుతోంది. ఆమెకేమైనా ఇబ్బందా?" అని అడిగాడు. ఆ రోజు మేం సరైన జవాబు చెప్పలేకపోయాం. ఊరికే నవ్వి తప్పించుకున్నాం. ఆ తర్వాత సిగ్గుపడి, దొరికినంత చదివి, ఈ వార్షికోత్సవ సంచికలో ఆ తమ్ముడికి జవాబు రాస్తున్నాం.

ముందుగా ఆ కాలేజీ సంగతి. బీజింగ్ నగరంలో వేసవి రాజప్రాసాదానికి దగ్గరలో "అంతర్జాతీయ సంబంధాల విశ్వవిద్యాలయం" అని ఒకటుంది. కమ్యూనిస్టు చైనా ఏర్పడిన 1949లోనే అదీ పుట్టింది. కొత్త ప్రభుత్వానికి బయటి దేశాలతో మాట్లాడగలిగినవాళ్లు, బయటి భాషలు చదవగలిగినవాళ్లు కావలసి వచ్చారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జపనీస్ వంటి భాషలు, అంతర్జాతీయ రాజకీయాలు, ఆర్థికశాస్త్రం, సమాచార భద్రత అక్కడ నేర్పుతారు. పైకి చూస్తే మన యూనివర్సిటీల్లాగే పరీక్షలు, డిగ్రీలు, హాస్టళ్లు అన్నీ ఉంటాయి.

తేడా ఎక్కడంటే, ఈ విశ్వవిద్యాలయానికి చైనా రాజ్య భద్రతా శాఖతో దగ్గరి సంబంధం ఉందని విదేశీ పరిశోధకులు ఎంతోకాలంగా రాస్తున్నారు. ఈ శాఖ 1983లో ఏర్పడింది. అంతవరకు పార్టీ కింద ఉన్న గూఢచార విభాగాన్ని, పోలీసు శాఖలో విదేశీ గూఢచారులను పట్టుకునే విభాగాన్ని కలిపి దాన్ని ఏర్పాటు చేశారు. బయటి సమాచారం సేకరించడం, లోపలికి వచ్చిన గూఢచారులను కనిపెట్టడం రెండూ దాని పనులే.

గూఢచర్యమంటే మనకు సినిమాల్లో చూపించే తుపాకులు, మారువేషాలు గుర్తొస్తాయి. అసలు పనిలో ఎక్కువ భాగం చదవడమే. ఎదుటి దేశం పత్రికలు, పార్లమెంటు చర్చలు, బడ్జెట్ లెక్కలు, శాస్త్ర పత్రికలు చదివి, అనువదించి, "వీళ్లు రేపు ఏం చేయబోతున్నారు?" అని నివేదిక రాయాలి. బీజింగ్‌లోనే ఉన్న సమకాలీన అంతర్జాతీయ సంబంధాల పరిశోధనా సంస్థ ఇలాంటి పనికి పేరుపొందింది. అది రాజ్య భద్రతా శాఖకు చెందినదని పరిశోధకులు చెబుతారు. 1990ల తొలినాళ్లలో ఆ సంస్థకు అధిపతిగా ఉన్న గెంగ్ హుయిచాంగ్ తర్వాత 2007 నుంచి 2016 వరకు రాజ్య భద్రతా మంత్రిగా పనిచేశాడు. పుస్తకాల మధ్య కూర్చున్న మనిషి ఆ కుర్చీకి వెళ్లాడంటే, ఆ పనిలో చదువుకున్న విలువ ఎంతో అర్థమవుతుంది.

దౌత్యవేత్త పనీ దీనికి దగ్గరగానే ఉంటుంది. 1961లో కుదిరిన వియన్నా ఒప్పందం ప్రకారం, తానున్న దేశంలోని పరిస్థితులు తెలుసుకొని తన ప్రభుత్వానికి రాయడం దౌత్యవేత్త విధుల్లో ఒకటి. అయితే చట్టబద్ధమైన మార్గాల్లోనే తెలుసుకోవాలని ఆ ఒప్పందం షరతు పెట్టింది. గీత అక్కడుంది. గీతకు ఇవతల ఉన్నవాడు దౌత్యవేత్త, దాటినవాడు గూఢచారి. కానీ ఇద్దరికీ కావలసిన చదువు ఒకటే: భాష, చరిత్ర, ఎదుటి మనిషి ఆలోచన. అందుకే ఒకే కాలేజీ రెండు శాఖలకూ పనికొస్తుంది.

ఈ కాలేజీలో చదివినవారిలో ప్రపంచానికి బాగా తెలిసిన పేరు చిన్ గాంగ్. 1988లో అక్కడ పట్టా తీసుకున్నాడు. కొన్నాళ్లు బీజింగ్‌లోని ఒక విదేశీ వార్తాసంస్థ కార్యాలయంలో సహాయకుడిగా పనిచేసి, తర్వాత విదేశాంగ శాఖలో చేరాడు. 2021లో అమెరికాలో చైనా రాయబారి అయ్యాడు. 2022 డిసెంబరులో ఏకంగా విదేశాంగ మంత్రి అయ్యాడు. 2023 జూన్ చివరి వారం నుంచి బయట కనిపించడం మానేశాడు. జులై 25న పదవి నుంచి తొలగించారు. కారణం చెప్పలేదు. అక్కడ చదివాడు కాబట్టి ఆయన గూఢచారి అని మనం అనకూడదు. ఆ కాలేజీ నుంచి దౌత్యానికి తిన్నగా దారి ఉందని మాత్రం ఆయన జీవితం చెబుతుంది.

చైనాలో దౌత్యానికి వేరే కాలేజీలూ ఉన్నాయి. 1955లో ప్రధాని చౌ ఎన్ లై చొరవతో మొదలైన విదేశీ వ్యవహారాల విశ్వవిద్యాలయం నేరుగా విదేశాంగ శాఖ కింద ఉంటుంది. 1941లో యెనాన్‌లో రష్యన్ భాష నేర్పే చిన్న విభాగంగా మొదలైనది ఈ రోజు బీజింగ్ విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఇంకో విదేశాంగ మంత్రి వాంగ్ యీ యువకుడిగా ఈశాన్య చైనాలో ఎనిమిదేళ్లు కూలిపని చేసి, ఆ తర్వాతే బీజింగ్‌లో జపనీస్ చదువుకున్నాడు. ఈ సంగతి చదివినప్పుడు సెలవుల్లో కూలికి వెళ్లి ట్రంకుపెట్టె కొనుక్కున్న మా రోజులు గుర్తొచ్చాయి.

ఇక తమ్ముడి అసలు ప్రశ్న. అక్కకు ఇబ్బందా? 2020కి ముందు చైనాలో సుమారు 23 వేల మంది మన దేశ విద్యార్థులు చదివేవారు. ఎక్కువ మంది వైద్య విద్యకు వెళ్లినవారే, వారిలో తెలుగువారూ ఉన్నారు. శవాన్ని కోసి నేర్చుకునే పిల్లకు, గూఢచర్యానికి సంబంధం లేదు. పేరు చూసి ఎవరినీ అనుమానించకూడదు. అయితే ఒక జాగ్రత్త మాత్రం ఉంది.

గ్లెన్ డఫీ ష్రైవర్ అనే అమెరికా కుర్రాడు షాంఘైలో చదువుకున్నాడు. 2004లో చైనా, అమెరికా సంబంధాల మీద వ్యాసం రాస్తే డబ్బులిస్తామన్న ప్రకటన చూసి రాశాడు. 120 డాలర్లు ఇచ్చారు. తర్వాత స్నేహంగా భోజనాలు, మాటలు. ఆ తర్వాత, "మీ ప్రభుత్వంలో ఉద్యోగం సంపాదించు" అన్నారు. అమెరికా విదేశాంగ శాఖ పరీక్ష రెండుసార్లు రాసి తప్పాడు. అయినా డబ్బు ఆగలేదు. చివరికి సీఐఏకు దరఖాస్తు పెట్టాడు. మొత్తం 70 వేల డాలర్లు తీసుకున్నాడు. 2010లో పట్టుబడ్డాడు, 2011 జనవరిలో నాలుగేళ్ల శిక్ష పడింది. ఒక్క రహస్యమైనా అందించకముందే జీవితం పాడైంది. అంతా ఒక వ్యాసంతో, చిన్న డబ్బుతో మొదలైంది.

డబ్బు అవసరం మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ దేశం వెళ్లినా ఇది గుర్తుంచుకోండి. పనికి మించిన డబ్బు ఎవరైనా ఇస్తే, ఎందుకిస్తున్నారని అడగండి. జవాబు నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి. వెళ్లిన దేశం చట్టాలు తెలుసుకోండి. చైనాలో 2017 నాటి ఇంటెలిజెన్స్ చట్టం ప్రకారం సంస్థలూ పౌరులూ ఆ పనికి సహకరించాలి. 2023లో గూఢచర్య నిరోధక చట్టాన్ని ఇంకా కఠినం చేశారు. అక్కడ సైనిక స్థావరాల దగ్గర సరదాకు తీసిన ఫొటో కూడా చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

చివరి మాట. మన దేశంలో దౌత్యవేత్త కావడానికి ఏదో ఒక్క కాలేజీ గేటు దాటాల్సిన పనిలేదు. ఏ డిగ్రీ అయినా చాలు, సివిల్స్ రాయవచ్చు. మెయిన్స్ జవాబులు తెలుగులోనే రాయవచ్చు. ఇండియన్ ఫారిన్ సర్వీసుకు ఎంపికైతే ఒక విదేశీ భాష ప్రభుత్వమే నేర్పిస్తుంది, అందులో చైనా భాషా ఉంది. పేపర్ కటింగ్ పట్టుకొని ప్రశ్న అడిగిన ఆ తమ్ముడే రేపు బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయంలో కూర్చుంటే, ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన మా సిగ్గు తీరుతుంది.