దాణాలో ఉన్న భాస్వరం పెట్టకు ఎంత అందుతుంది?

ఆరోగ్య పత్రికలో కోళ్ల దాణా సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణాలు రెండు ఉన్నాయి. మన ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు కోళ్లఫారాలు, హేచరీల మీద ఆధారపడి బ్రతుకుతున్నాయి. గుడ్డు పెంకు పలచబడినా, గుడ్లు పిల్లలు కాకపోయినా ఆ నష్టం ఇంటి భోజనం మీద, పిల్లల చదువు మీద పడుతుంది. రెండవది, తిన్నదంతా ఒంటికి పట్టదనే పాఠం కోడికీ మనిషికీ ఒక్కటే.

పెట్టకు భాస్వరం ఎందుకు?

పిల్లల కోసం పెంచే గుడ్లు పెట్టే పెట్టలను బ్రీడర్ కోళ్లు అంటారు. కోడి శరీరంలోని భాస్వరంలో నూటికి సుమారు 80 పాళ్లు కాల్షియంతో కలిసి ఎముకల్లోనే ఉంటుంది. గుడ్డు పెంకు మాత్రం దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. ఒక్క పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది.

పెంకు తయారు కావడానికి సుమారు 20 గంటలు పడుతుంది. ఆ పని చాలావరకు రాత్రిపూట, పెట్ట మేత తినని సమయంలో జరుగుతుంది. అప్పుడు పెట్ట తన ఎముకల లోపల దాచుకున్న నిల్వను కరిగించి కాల్షియం తీసుకుంటుంది. ఎముక కరిగినప్పుడు కాల్షియంతో పాటు భాస్వరం కూడా బయటికి వస్తుంది. పెంకుకు దాని అవసరం లేదు కనుక అది రెట్టలో పోతుంది. మర్నాడు ఎముకను మళ్లీ నింపుకోవాలంటే రెండూ కావాలి.

మరొక భాగం పచ్చసొనలోకి వెళ్తుంది. గుడ్డులో పెరిగే పిల్ల తన ఎముకలకు కాల్షియం ఎక్కువగా పెంకు నుంచి, భాస్వరం పచ్చసొన నుంచి తీసుకుంటుంది. అందుకే బ్రీడర్ పెట్ట విషయంలో ఇది ఒక్క ప్రాణి సంగతి కాదు.

తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే

భాస్వరం తగ్గితే ఎముకలు బలహీనపడతాయి. పెట్ట కాళ్లు నిలవక చతికిలబడుతుంది, గుడ్లు తగ్గిపోతాయి. ఎక్కువైతే రక్తంలో భాస్వరం పెరిగి, ఎముక నుంచి కాల్షియం రావడానికి అడ్డుపడుతుంది. దానివల్ల పెంకు పలచబడుతుంది. పలచని పెంకు గల గుడ్డు ఇంక్యుబేటరులో తేమను ఎక్కువగా కోల్పోతుంది, పగుళ్ల గుండా సూక్ష్మక్రిములు చేరతాయి, పిల్ల లోపలే చనిపోతుంది.

కనుక పెంకు పలచగా కనిపించగానే డీసీపీ పొడి మరికొంత కలపడం సరైన వైద్యం కాదు. ఆ లోపానికి వయస్సు, ఎండ వేడి, జబ్బు, కాల్షియం లోటు కూడా కారణాలు కావచ్చు.

అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన పట్టిక ప్రకారం బ్రాయిలర్ బ్రీడర్ పెట్టకు రోజుకు 350 మిల్లీగ్రాముల అందుబాటు భాస్వరం, 4 గ్రాముల కాల్షియం కావాలి. ఇక్కడ ‘అందుబాటు’ అనే మాటను గమనించాలి.

గింజలో తాళం

మొక్కజొన్న, సోయా, తవుడు వంటి వాటిలోని భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ‘ఫైటేట్’ అనే రూపంలో ఉంటుంది. గింజ తన మొలక కోసం దాచుకున్న నిధి అది. దీన్ని విడదీసే ఎంజైము కోడి కడుపులో చాలా తక్కువ. 100 గ్రాముల మొక్కజొన్నలో సుమారు 280 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్నా కోడికి సులభంగా అందేది 80 మిల్లీగ్రాములే. తవుడులో 1500 ఉన్నా అందేది సుమారు 220. మిగిలినది రెట్టలో పోతుంది. వర్షానికి కొట్టుకుపోయి చెరువులో చేరితే నీరు పచ్చబడి, చేపలకు గాలి అందదు.

అంతేకాదు, ఫైటేట్ కాల్షియం, జింకు, ఇనుములను కూడా పట్టుకుని వదలదు.

తాళంచెవి ఫైటేజ్

ఫైటేట్‌ను విడదీసే ఎంజైము పేరు ఫైటేజ్. 1907లో జపాను శాస్త్రజ్ఞులు దీన్ని బియ్యపు తవుడులో కనుగొన్నారు. దాణాలో కలపడానికి మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1991లో, నెదర్లాండ్స్‌లో. పశువుల ఎరువులోని భాస్వరం అక్కడి నేలకూ నీటికీ సమస్య కావడమే దానికి తోడ్పడింది.

సాధారణంగా గుడ్ల కోళ్లకు కిలో దాణాకు 300 నుంచి 500 యూనిట్లు వాడతారు. దీనివల్ల కిలోకు సుమారు ఒక గ్రాము భాస్వరం విడుదలవుతుంది. డీసీపీలో భాస్వరం నూటికి 18 పాళ్లు కనుక, టన్ను దాణాకు దాదాపు ఐదున్నర కిలోల డీసీపీ తగ్గించవచ్చు. వాడేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి.

1. ఫైటేజ్ కలిపి డీసీపీని తగ్గించకపోతే భాస్వరం ఎక్కువైపోతుంది. ఎంత తగ్గించాలో పశువైద్యుని అడిగి నిర్ణయించుకోండి.

2. మామూలు ఎంజైము వేడికి చెడిపోతుంది. గుళికల దాణా చేసేవారు వేడిని తట్టుకునే రకం తీసుకోవాలి.

3. మెత్తని సున్నపురాయి పొడి మితిమీరితే ఫైటేజ్ పని మందగిస్తుంది. కాల్షియంలో కొంత భాగాన్ని ఆల్చిప్పల గ్రిట్ రూపంలో మధ్యాహ్నం తర్వాత ఇస్తే, అది మెల్లగా కరిగి రాత్రికి ఉపయోగపడుతుంది.

4. కలిపేవారు ముక్కు, నోరు కప్పేలా మంచి మాస్కు ధరించాలి. ఎంజైము ధూళి పీలిస్తే కొందరికి అలర్జీ, ఆయాసం వస్తాయి. పని రోజుల్లో దగ్గు, పిల్లికూతలు వచ్చి సెలవు రోజున తగ్గితే ఆ సంగతి డాక్టరుతో తప్పక చెప్పండి.

మన పళ్లెంలో కూడా

మనిషి పేగుల్లో కూడా ఫైటేజ్ చాలా తక్కువ. పప్పు, రాగులు, జొన్నలు బలమైన ఆహారమే. కాని వాటిలోని ఇనుమును, జింకును ఫైటేట్ కొంత పట్టి ఉంచుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలలో రక్తహీనత కనిపించింది. దీనికి అనేక కారణాలున్నా, తిన్న ఇనుము ఒంటికి పట్టకపోవడం వాటిలో ఒకటి.

మనకు పొడి మందు అక్కరలేదు. గింజ నానినా, మొలకెత్తినా దానిలోని ఫైటేజే మేలుకొంటుంది. పెసలు, శనగలు మొలకెత్తించండి. రాగులను మొలకెత్తించి ఆరబెట్టి పిండి చేసి పిల్లలకు జావ కాచి ఇవ్వండి. ఇడ్లీ, దోసె పిండి బాగా పులియనివ్వండి. భోజనంలో నిమ్మరసం, ఉసిరి, జామ చేర్చండి. భోజనం చేసిన వెంటనే టీ త్రాగకండి.

గర్భవతులు, రక్తం తక్కువగా ఉన్నవారు మాత్రం ఆహారంతోనే సరిపెట్టుకోక హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరు వ్రాసిన ఇనుము మాత్రలు క్రమం తప్పక వేసుకోవాలి.