అందరికీ జ్వరమే!

సెలవు చీటీ రాయమంటే మన పిల్లలకి వచ్చే జబ్బు ఒక్కటే... జ్వరం! పిన్ని పెళ్లికి వెళ్లినా, అమ్మమ్మ ఊళ్లో జాతర చూసొచ్చినా ‘నాకు జ్వరం వచ్చినందున రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన’ అనే రాస్తారు. వాళ్ల నాన్నలూ అదే రాశారు. నోట్సులో ఉన్నది అదే మరి!

నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ సొంతంగా నాలుగు వాక్యాలు రాయాల్సిన అవసరం బడి దాటాకే ఎక్కువ. సోమవారం పొద్దున ఏదైనా కలెక్టరేట్ దగ్గరికెళ్లి చూడండి. గేటు బయట డబ్బు తీసుకుని అర్జీలు రాసిపెట్టేవాళ్లు కనిపిస్తారు. చదువురాని పెద్దాయన వాళ్ల దగ్గరికెళ్లాడంటే అర్థముంది. డిగ్రీ చదివిన మనవడు వెంటే ఉన్నా ఒక్కోసారి వెళ్లాల్సి వస్తోంది.

సమాచార హక్కు చట్టం సంగతే తీసుకోండి. 2005లో వచ్చింది. పది రూపాయలు కట్టి తెలుగులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు?’ అని అడిగితే తిరస్కరించే అవకాశమే ఎక్కువ. ఆఫీసులో ఉన్న కాగితాలు ఇవ్వాలే తప్ప కారణాలు కొత్తగా రాసివ్వక్కర్లేదు. అదే ‘ఫలానా వీధి రోడ్డు పని మంజూరు ఉత్తర్వు, అంచనా, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వండి’ అంటే తప్పించుకోవడం కష్టం. కోపం ఒకటే, రోడ్డు ఒకటే. తేడా అంతా వాక్యంలోనే.

మరి బడిలో ఇది ఎందుకు రావట్లేదు? అడగక కాదు. పదో తరగతి తెలుగు పరీక్షలో సొంత మాటల్లో రాయమంటున్నారు. లేఖ రాయమంటున్నారు, కరపత్రం తయారుచేయమంటున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే ఆ కరపత్రమూ గైడులో అచ్చయి దొరుకుతుంది. ‘సొంత మాటల్లో’ రాయాల్సిన జవాబుని క్లాసంతా ఒకే మాటల్లో రాసేస్తుంది! మార్కులూ పడతాయి. ఇంకెందుకు మారతారు?

ఇంటర్‌కొచ్చాక చూపంతా ఎంట్రన్సుల మీదే. నిన్నటి ఎంసెట్, ఇవాళ్టి ఈఏపీసెట్‌లో 180 నిమిషాలు, 160 ప్రశ్నలు. ఒక్క వాక్యం రాసే పనిలేదు. అలా ఏళ్లు గడిచాక ఏ గ్రూప్‌-1 మెయిన్సుకో కూర్చుంటే... తెలంగాణలో జనరల్ ఎస్సే ఒక్కటే 150 మార్కులు! మూడు గంటలు ఆపకుండా రాయాలి. ఎన్ని బిట్లు బట్టీపట్టినా అక్కడ అక్కరకు రావు.

ఇంకో వింత. పిల్లలు ఇంట్లో ‘చదువుతున్నా’ అంటారు, ఉత్తరంలో ‘చదువుచున్నాను’ అని రాస్తారు. బడి వ్యాసాల్ని వాడుక భాషలో రాయనివ్వండని గిడుగు, గురజాడ పోరాడి వందేళ్లు దాటింది. గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చింది 1914లో. వాళ్లు గెలిచారు. సెలవు చీటీకి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు!

ఖర్చులేని ఉపాయం ఒకటుంది. ‘నిన్న బడి నుంచి ఇంటికెళ్తూ ఏం చూశావు? ఐదు వాక్యాలు రాయి’ అనడం. ఏ గైడులోనూ దొరకదు. తప్పులన్నిటికీ ఎర్ర సిరా పులమక్కర్లేదు. ‘బస్సు చెరువు దగ్గర ఆగింది’ అని రాస్తే పక్కన ‘ఎందుకు ఆగింది?’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. మర్నాడు ఇంకో రెండు వాక్యాలు వస్తాయి.